పట్నం పల్లె అయిన కథ



మొన్న నాచారం నుంచి ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చి, "సార్, మన ఉప్పల్ ఇంత పెద్దదయింది గదా, మళ్ళీ ఎప్పుడైనా చిన్నదవుతుందా?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. ఉప్పల్, నాచారం ఒకప్పుడు నగరం వెలుపలి పల్లెలు. కార్ఖానాలు వచ్చాయి, 2017లో మెట్రో రైలు కూడా వచ్చింది. పల్లె పట్నం కావడం మనం చూస్తూనే ఉన్నాం. పట్నం పల్లె అయిన కథ కూడా మన దారిలోనే ఉన్నది, వినండి.

ఉప్పల్ చౌరస్తాలో వరంగల్లు బస్సెక్కి, భువనగిరి దాటి, ఆలేరులో దిగండి. అక్కడికి ఆరేడు కిలోమీటర్లలో కొలనుపాక అనే పల్లె ఉన్నది. వెయ్యేళ్ళ క్రితం దాని పేరు కొల్లిపాక. కల్యాణి చాళుక్యుల కాలంలో "కొల్లిపాక ఏడువేలు" అనే పెద్ద నాడుకు అదే ముఖ్యపట్టణం. ఆ రోజుల్లో నాడు పేరు పక్కన అలా ఒక సంఖ్య చేర్చేవారు.

అది అంత గొప్ప ఊరని మనకెలా తెలుసు? చోళరాజ్యం ఏలిన రాజేంద్రచోళుడు (1014–1044) తాను గెలిచిన చోట్లన్నీ శాసనాల్లో చెక్కించాడు. వాటిలో కొల్లిపాక ఉన్నది. దాని కోటగోడ చుట్టూ ఉన్న చెట్ల ముచ్చట కూడా ఉన్నది! నాలుగు గుడిసెల ఊరిని గెలిచి, ఆ సంగతి ఏ రాజైనా రాతిమీద చెక్కించుకుంటాడా? శత్రువు చెప్పిన గొప్ప గనక నేను దీన్ని మరీ నమ్ముతాను.

మరి ఏమయింది? 12వ శతాబ్దంలో కల్యాణి బలం తగ్గింది. చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాకతీయులు స్వతంత్రులయ్యారు. వారి గద్దె మొదట హనుమకొండ, తరువాత ఓరుగల్లు. కొలువు ఎక్కడుంటే అధికారులూ, వర్తకులూ, శిల్పులూ అక్కడికే చేరతారు గదా! ఎంతో కాలానికి ఈ వైపు రైలు వేసినప్పుడు కూడా స్టేషను ఆలేరుకే దక్కింది. అమెరికా మైదానాల్లోనూ రైలు పక్కనుంచి పోయి చిక్కిపోయిన ఊళ్ళున్నాయి.

అయితే దేవుళ్ళు మాత్రం ఓరుగల్లుకు తరలిపోలేదు. కొలనుపాక జైనమందిరంలో పచ్చరాతి మహావీరుణ్ణి చూడటానికి గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి కూడా యాత్రికులు వస్తారు. సోమేశ్వరాలయం వీరశైవులకు పుణ్యక్షేత్రం. ఆ ఆవరణలోనే పాత విగ్రహాలనూ, శాసనాలనూ చేర్చి ప్రదర్శనశాల పెట్టారు.

ఇదంతా విని ఆ కుర్రవాడు కాసేపు ఆలోచించాడు. "అయితే సార్, మన మెట్రో స్టేషను పేరు రేకుమీద రాశారేం?" అన్నాడు.