గబ్బిలం వీరుడూ, మా పక్కింటి వదినా

"బ్యాట్‌మన్: గోతమ్ నైట్" మీద మా గోదావరిఖని క్వార్టర్ల వరసలో రెండు తీర్పులు వెలువడ్డాయి. ఒక్కో కథలో ఒక్కో మొహమేమిటి, అతుకుల బొంత అని ఒకటి. బొమ్మల సినిమా పిల్లలకే గాని మనకెందుకని రెండోది.

అతుకుల బొంతట! 2008లో వచ్చిన ఆ సినిమాలో ఆరు కథలు, జపాన్ స్టూడియోలు గీసినవి. మొదటి కథలో పిల్లలు వీరుణ్ణి చూశామంటూ చెప్పుకుంటారు. ఒకరికి నీడ, ఒకరికి అచ్చంగా రెక్కల గబ్బిలం, మరొకరికి మరమనిషి. తీరా ఎదురుపడేది గాయపడ్డ మామూలు మనిషి. మొహం మారడమే కదమ్మా అక్కడ కథ! మల్లన్న కథని ఒగ్గువాళ్లు తలో తీరుగా చెబితే తలలూపమూ? పైగా ఆరింటిలోనూ గొంతు ఒక్కరిదే, కెవిన్ కాన్రాయ్‌ది.

ఇక రెండో తీర్పు. అదిచ్చిన పక్కింటి వదిన తాను చూడలేదు. ఆరేళ్లవాడి ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఐదో కథలో వీరుడు తూటా దెబ్బతో, నెత్తురోడుతూ, భూమి కింది సొరంగంలోంచి పైకి రాలేక అల్లాడుతుంటాడు. నొప్పి ఓర్చుకోవడం అతనికి నేర్పింది మన దేశంలోని ఒక స్త్రీ. ఆడదని తెలిసి ఫకీర్లు వెలివేసిన మనిషి. వదిన చూసి తీరవలసింది అదీ!

ఆ రాత్రి పిల్లాడు ఉలిక్కిపడి లేచాడట. "బాపు గూడ గట్లనే లోపట చిక్కుకపోతడా?" అని ఏడుపు.

వాడి బాపు అప్పుడు రాత్రి షిఫ్టులో, బాయిలో ఉన్నాడు.