ఇద్దరు దొరల లెక్కా అడుగుదాం

గత సంచికలో 1876–78 కరువు మీద వేసిన వ్యాసానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు. నిజాంపేటలో మన వాడ మీటింగులో ఆ వ్యాసం చదివి వినిపిస్తే మాటకు మాట పెరిగి ఇద్దరు తమ్ముళ్లు చాయ్ తాగకుండానే లేచిపోయారు. ఇప్పటికీ మాట్లాడుకుంటలేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒక తమ్ముడంటాడు: "తెల్లోడు రాకుంటే మన చేతికి పలక వచ్చేదా? వాణ్ణి తిట్టుడంటే అగ్రకులపోళ్ల పాట పాడుడే."

రెండో తమ్ముడంటాడు: "లక్షల మందిని ఆకలికి చంపినోణ్ణి పొగిడితే సచ్చిపోయిన మన తాతలను మనమే తొక్కినట్టు."

ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ అపార్టుమెంట్ల పని చేసుకుంటున్న అక్క అడ్డుపడింది: "మా ఇంట్లో మొదటి అక్షరం మిషను బడిదేనయ్యా. క్లౌ దొరని ఏమీ అనమాకండి."

ఇక్కడే పుట్టిన పెద్దాయన నవ్విండు: "మేం తెల్లోణ్ణి సూడనే లేదు బిడ్డా. మాతోని వెట్టి చేయించింది పటేలు, పట్వారి."

నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి ఇల్లు ఏం చూసిందో అదే చెప్పారు. ఒక దొరను తిట్టడానికి ఇంకో దొరను వదిలేసినప్పుడే మనం మోసపోతాం.

మద్రాసు ప్రెసిడెన్సీలో జనం ఆకలితో రాలిపోతుంటే 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిగింది. అదే ఏడాది రిచర్డ్ టెంపుల్ కరువు కూలిని కోసేశాడు. ఎండలో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే అరకిలో కన్నా తక్కువ, పైన ఒక అణా. ఆడమనిషికి ఇంకా తక్కువ. అట్లా తవ్విన కాలువకు గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. తవ్వినోళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఆ కాలువలోనే కొంత పనిని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకుని, మాదిగ బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రావద్దని కరువు పనులు నడిచినన్ని నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్క చెప్పింది నిజమే. కాని క్లౌ ఇంగ్లీషు సర్కారు మనిషి కాదు, అమెరికా బాప్టిస్టు మిషను మనిషి. బడి పెట్టినోణ్ణీ కూలి కోసినోణ్ణీ తోలు రంగు చూసి ఒక్కటి చేయొద్దు. ఊరూరా తిరిగి మన జనాన్ని కదిలించిన యర్రగుంట్ల పేరయ్య మన మాదిగ బిడ్డే. దొర పేరు చెప్పిన నోటితోనే ఆయన పేరూ చెప్పాలె.

ఇక మన పెద్దాయన మాట. 1798 ఒప్పందం నాటి నుంచి నిజాం గద్దెకు ఇంగ్లీషు సైన్యమే కాపలా. సికింద్రాబాదులో దండు, కోఠీలో రెసిడెన్సీ. వెట్టికి పిలిచింది పటేలే. ఆ పటేలు వెనుక నిజాం, నిజాం వెనుక తెల్లోడు. మరి హైదరాబాదులో మనోళ్లకు పలక ఎవరిచ్చారు? 1910 నుంచి మన పిల్లలకు బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ మాల బిడ్డ. ఆయన ఏ దొర కోసమూ ఎదురుచూడలేదు.

1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో బాబాసాహెబ్ తెల్లోళ్ల మొఖం మీదనే లెక్క అడిగారు. మీరు రాకముందు ఊరిబావి నీళ్లు మాకు అందలేదు, ఇప్పుడు అందుతున్నాయా? అప్పుడు గుడిలోకి రానియ్యలేదు, ఇప్పుడు రానిస్తున్నారా? ఇదీ ఆయన అడిగిన తీరు. అట్లని బావి కాడ మనల్ని ఆపిన హిందువును ఆయన ఏనాడైనా వదిలిండా? ఇద్దరినీ నిలబెట్టి అడిగిండు.

తమ్ముళ్లూ, మీరిద్దరూ అడగాల్సింది అట్లనే. వచ్చే ఆదివారం మీటింగుకు రండి, పక్కపక్కన కూసోండి. మీ ఇంట్ల ముసలోళ్లు చెప్పిన వెట్టి సంగతులు, కరువు సంగతులు కాగితం మీద రాసుకొని తేండి. రాయరానోళ్లు చెప్తే మేం రాసుకుంటాం. అవన్నీ ఈ పేజీల్లోనే అచ్చేస్తాం. మనం రాయకపోతే ఆ కాలువ ఎప్పటికీ బకింగ్‌హాందే.

జై భీమ్!