తెరమీది వంటలక్కకు హారతి, బడిలో వంటక్కకు ఎడం

పొద్దు గూకితే మా వాడలో సందులు ఖాళీ. పగలంతా చెనక్కాయ చేలో కలుపు తీసి నడుములు విరగ్గొట్టుకున్న ఆడోళ్లు కూడా గబగబా ఇంత సంగటి కెలికి టీవీ ముందర చేరేవాళ్లు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన 'కార్తీకదీపం' సంగతి చెప్తున్నా. వంటలక్క ఏడిస్తే మా వాడ ఏడ్చింది. పెండ్లాన్ని అనుమానించిన డాక్టరుబాబును మా ముసలమ్మలు తిట్టిన తిట్లు రాస్తే సంపాదకులు అచ్చు వెయ్యరు.

ఆ వంటలక్క ఎవరు? దీప వేషం కట్టిన ప్రేమీ విశ్వనాథ్ తెలుగామె కాదు. కేరళలో కొచ్చి పక్క మనిషి. న్యాయశాస్త్రం చదివింది. 2014లో ఏషియానెట్‌లో వచ్చిన 'కరుత్తముత్తు'లో నల్లపిల్ల వేషంతో పేరొచ్చింది. కరుత్తముత్తు అంటే నల్లముత్యం. అక్కడ కొన్నాళ్లకు ఆ వేషం ఇంకో నటి చేతికి పోయింది. అదే కథను తెలుగులోకి దించినప్పుడు ఈమెనే పిలిపించుకున్నారు. పరాయి ఊరు, పరాయి భాష, ఐదేండ్ల చాకిరి. ఆమె కష్టాన్ని నేను తక్కువ చెయ్యను.

వలస వచ్చిందని కోపమా? వలసంటే ఏందో అనంతపురం వాళ్లకు వేరేవాళ్లు చెప్పాల్నా! ఆమె కేరళ నుంచి హైదరాబాదుకు వస్తే, వానలు మొగం చాటేసిన ఏండ్లలో మా కదిరి పక్క జనం అదే కేరళకు పోయినారు. మా సీమ రైతులు అక్కడి పట్నాల్లో చెయ్యి చాస్తున్నారని 2016లో పత్రికలు రాసినాయి. వాళ్లకు ఏ సీరియల్లోనూ వేషం దొరకలేదు, అంతే తేడా.

నా కోపం ఆమె మీద కాదు, రంగు డబ్బా మీద. ఆమె నల్లటి మనిషి కాదు. ముఖానికీ చేతులకూ నల్లరంగు పూసి దీపను తయారు చేసినారు. తెలుగుదేశంలో నల్లటి ఆడకూతుళ్లకు కరువొచ్చిందా? నల్లగా ఉంటే ఎవరు చూస్తారని అడిగే పెద్దమనుషులకు ఒకటే ప్రశ్న. చూసినారు కదయ్యా! ఐదేండ్లు నల్లటి ముఖాన్నే నెత్తిన పెట్టుకున్నారు కదా జనం! జనానికి లేని అసహ్యాన్ని జనం మీదికి తోసిందెవరు? వాళ్లకు నలుపు కావాల, నల్లటి మనిషి వద్దు. కడిగితే పోయే నలుపయితేనే ముద్దు. 2021లో 'పుష్ప' వచ్చింది. శేషాచలం అడవిలో ఎర్రచందనం నరికే కూలీ కథకు కూడా అల్లు అర్జున్‌కు నల్లరంగు పూయాల్సి వచ్చింది. చెమట మాది, వేషం వాళ్లది.

ఇదే కేరళలో ఇంకో కథ ఉంది. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'. అందులో నాయికగా నటించిన పి.కె. రోజీ దళిత స్త్రీ. వేసింది నాయర్ స్త్రీ వేషం. తిరువనంతపురంలో బొమ్మ ఆడినప్పుడు అగ్రకులాల వాళ్లు తెర మీద రాళ్లు వేసినారు. ఆమె ఊరు విడిచి తమిళదేశానికి పారిపోయి, నటినని చెప్పుకోకుండా బతికింది. కిందివాళ్లు పైవాళ్ల వేషం వేస్తే రాళ్లు. పైనుంచి నల్లరంగు పూసుకొని దిగితే దండలు. మన దేశంలో నటన కూడా నిచ్చెన మెట్ల ప్రకారమే.

ఇంకో మోసం ఉంది. దీప నలుపుకు కులం లేదు. అత్త ఈసడించేది రంగునే. మా వాడలో ఎర్రగా ఉండే పిల్లలున్నారు, దొరల ఇండ్లలో నల్లగా పుట్టినోళ్లూ ఉన్నారు. నల్లగా పుట్టిన దొరబిడ్డకు కట్నం పెరుగుతుందేమో గానీ బావి దూరం కాదు. బొజ్జా తారకం గారు తన పత్రికకు 'నలుపు' అని పేరు పెట్టింది జాలి పడమని కాదు. సీరియల్ వాళ్లు నలుపు నుంచి కులాన్ని తీసేసి, జాలిని మాత్రం మిగిల్చినారు. పైగా ఆ తల్లి ఏండ్ల తరబడి తన శీలాన్ని మొగుడికి రుజువు చేసుకుంటూ ఏడవాల. సీతమ్మకు అగ్ని అయితే ఈమెకు డాక్టరుబాబు.

వంటలక్క అంటే అంత ప్రేమ కదా, బడిలో వంటక్క మాటేంది? మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇయ్యాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాళ్లకు నెలకు 3000 రూపాయలు చేసినారు. అంతకు ముందు వెయ్యి. ఆ సీరియల్ నడిచిన రోజుల్లోనే నేను పనిచేసిన ఒక బడిలో మాదిగక్క వంటకు కుదిరింది. వారం తిరక్కుండా ఊరి పిల్లలు టిఫిన్ డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టినారు. "మా పాపకు బడి అన్నం పడదు సార్" అన్న తల్లి, అదే నోటితో రాత్రి వంటలక్క పడిన కష్టం చెప్పి కండ్లు తుడుచుకుంది. ఊరి పెద్దలు రాజీ తెచ్చినారు. వంట వేరేవాళ్లు చేస్తారు, నువ్వు గిన్నెలు కడుగు అని. ఆ అక్క ఒకటే అడిగింది. "కడిగే చేతికి లేని మైల వండే చేతికి యాడ్నుంచి వచ్చె సార్?" పెద్దల దగ్గర జవాబు లేదు. పొయ్యి దగ్గర్నుంచి ఆమె కదల్లేదు. కొన్ని డబ్బాలు బడికి రావడం మానినాయి, కొన్ని మానలేదు.

నా తప్పు కూడా చెప్పాల. 2019లో బడి వార్షికోత్సవానికి పిల్లలు వంటలక్క నాటిక వేసినారు. దీప వేషానికి ఎర్రగా ఉండే ఊరిపిల్లను తీసుకొని ముఖానికి కాటుక పూసినారు. వంటక్క కూతురు, నిగనిగలాడే నల్లపిల్ల, తెర పట్టుకొని నిలబడింది. నేను చూస్తూ ఊరకే ఉన్నా. నాటిక అయినాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "నాకయితే రంగు పూసే పనే లేదు కదా సార్?" అనింది.

2020 జనవరి 3న, సావిత్రిబాయి ఫూలే జయంతికి, ఆ పిల్లకే సావిత్రిబాయి వేషం ఇచ్చినాం. తయారు చేసేటప్పుడు ఒక టీచరమ్మ పౌడరు డబ్బా పట్టుకొని వచ్చింది. ఆ డబ్బా నేను లాక్కున్నా.