వంటయింటి దుర్గంధము – ఒక హైస్కూలు కథ



సిలిండరు మార్చునప్పుడు ముక్కునకు సోకు దుర్గంధము మీకందరకు పరిచితమే. కుళ్లిన క్యాబేజీ వాసన యని కొందరు, చచ్చిన ఎలుక వాసన యని కొందరు చెప్పుదురు. అది గ్యాసునకు సహజముగా గల వాసన కాదు. ఇథైల్ మెర్కాప్టాన్ అను ద్రవ్యమును బుద్ధిపూర్వకముగా అందు కలిపి మన యిండ్లకు పంపుచున్నారు. దానిని తిట్టుకొనని గృహిణి యుండదు, మేమును తిట్టుకొన్నవారమే. గ్యాసునకు వాసన కలుపవలెనను శాసనముల వెనుక ఒక హైస్కూలు పిల్లల మరణమున్నదని తెలిసిన పిమ్మట మాకు మరల తిట్టుటకు నోరు రాలేదు. ఈ మాసము ఆ సంగతి చెప్పి, మన పిల్లలు చదువుకొను ఉన్నత పాఠశాలలను గూర్చి నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి.

అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రములో న్యూలండన్ అను చిన్న ఊరు కలదు. 1930లో ఆ ప్రాంతమున గొప్ప చమురునిధి బయటపడగా ఊరు ధనవంతమయ్యెను. ఆ ధనముతో కట్టిన ప్రభుత్వ పాఠశాల నాడు ఆ దేశమునందలి గ్రామీణ పాఠశాలలలో మిక్కిలి సంపన్నమైన వానిలో ఒకటిగా పేరు వడసెను. ఇంత కలిమిగల బడివారు 1937 సంవత్సరారంభమున ఒక పొదుపు చేసిరి. గదులను వెచ్చపరచుటకు వెల యిచ్చి కొనుచున్న గ్యాసును మానివేసి, చమురు కంపెనీవారు వ్యర్థమని తగులబెట్టు గ్యాసు గొట్టమునకు తమ గొట్టము తగిలించుకొనిరి. నెలకు సుమారు 300 డాలర్లు మిగిలెను. ఇది ఆ బడివారొక్కరే చేసిన పని యనుకొనరాదు. ఆ చుట్టుపట్ల ఇండ్లవారును చర్చీలవారును అట్లే చేయుచుండిరి; కంపెనీలవారు చూచియు చూడనట్లుండిరి. పదిమంది చేయు పనిలో భయమేమని అందరకును తోచియుండును.

ఆ గ్యాసునకు వాసన లేదు. అతుకులలో ఎచ్చటనో కారి, నేల క్రింద గాలి ఆడని పొడవైన ఖాళీ చోట దినదినమును నిండుచుండెను. పిల్లలు కొన్నాళ్లనుండి తలనొప్పి యని చెప్పుచుండిరట. ఆ మాటను ఎవరును పట్టించుకొనలేదు. మన యింట పిల్లవాడు బడినుండి వచ్చి తలనొప్పి యన్నచో మనమేమందుము? ఎండలో ఆడినావందుము, అన్నము సరిగా తినలేదందుము. ఆ తల్లులును అట్లే అనుకొనియుందురు.

1937 మార్చి 18వ తేది గురువారము. చిన్న తరగతుల పిల్లలు అప్పటికే ఇండ్లకు పోయిరి. పెద్ద తరగతులవారు లోపల నుండిరి. ప్రక్కనున్న వ్యాయామశాలలో తలిదండ్రుల ఉపాధ్యాయుల సంఘము సభ జరుగుచుండెను. వచ్చినవారు ఎక్కువగా తల్లులే. మధ్యాహ్నము మూడు గంటలు దాటిన కొంతసేపటికి చేతిపనుల ఉపాధ్యాయుడు కొయ్యను నునుపుచేయు యంత్రమునకు విద్యుత్తు మీట నొక్కెను. ఒక నిప్పురవ్వ. అంతే. నేలక్రిందనున్న గ్యాసు ఒక్కుమ్మడి ప్రేలి, పైకప్పు లేచి, గోడలతోకూడ మీదపడెను. రెండు టన్నుల సిమెంటు పలక దూరమున నిలిపియున్న మోటారు కారుపై పడి దానిని నలిపివేసెను. పిల్లలును ఉపాధ్యాయులును కలిసి సుమారు 300 మంది మరణించిరి. సభలోని తల్లులు వెలుపలికి పరుగెత్తుకొని వచ్చి చూచునప్పటికి బడి లేదు.

చమురు బావులలో పనిచేయు తండ్రులు వచ్చి, రాత్రియెల్ల వానలో పీచ్ పండ్ల బుట్టలతో శిథిలములు ఎత్తిపోసిరి.

కొన్ని వారములలోనే టెక్సాసు శాసనసభవారు గ్యాసులో వాసన కలిపి తీరవలెనని చట్టము చేసిరి. వాసన కలుపు ఉపాయము అంతకుముందు లేనిది కాదు. తప్పక చేయవలెనను నిర్బంధమే లేకుండెను. క్రమముగా ఆ పద్ధతి ఇతర రాష్ట్రములకును దేశములకును వ్యాపించి నేడు మన వంటయింటివరకు వచ్చినది. మాకు మాటిమాటికి మనస్సున మెదలునది ఆ వ్యాయామశాల. వంద అడుగుల దూరములో బిడ్డల మేలుకొరకే సభ తీరిన తల్లులుండిరి. కాని గ్యాసు ఎచ్చటనుండి వచ్చుచున్నది, నేలక్రింద గాలి పోవుటకు దారి యున్నదా అని అడుగవలెనని ఎవరికి తోచును? అవి తల్లులు అడుగదగిన ప్రశ్నలని వారికెవరు చెప్పిరి?

ఇదంతయు పరదేశపు ముచ్చట యనవలదు. 2004 జూలై 16వ తేదిన మన పొరుగుననే, కుంభకోణములో ఒక పాఠశాల వంటచోట పుట్టిన నిప్పు ఆకుల కప్పునకంటుకొని 94 మంది పసివాండ్రు మరణించిరి. మేడపైనున్న పిల్లలకు దిగుటకు ఇరుకైన మెట్లదారి యొక్కటే గతియయ్యెను. అటుపిమ్మట 2009 ఏప్రిల్ 13వ తేదిన సుప్రీముకోర్టువారు, విద్యాహక్కులో సురక్షితమైన పాఠశాలయు చేరియున్నదని తీర్పు చెప్పి, ప్రతి బడిలోను నిప్పార్పు సాధనములుండవలెననియు, వానిని వాడుట ఉపాధ్యాయులకు నేర్పవలెననియు ఆజ్ఞాపించిరి. ఆ యేటనే వచ్చిన విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతివరకు గల ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులును, సగమువంతు స్త్రీలును ఉండవలెనని విధించినది. అనగా మనలో అనేకులు ఆ సంఘములలో సభ్యురాండ్రే. సంతకము చేయుటకు మాత్రమే పిలుచుచున్నారని మీలో కొందరు చెప్పుదురు. పిలిచిన దినముననే నాలుగు ప్రశ్నలడిగి, ఆ పిమ్మట సంతకము చేయరాదా?

ఏమి అడుగవలెనందురేమో. మధ్యాహ్న భోజనపు పొయ్యి తరగతి గదులకు ఎంత దూరమున్నది, సిలిండరు ఎచ్చట నిలుపుచున్నారు, దాని రబ్బరు గొట్టము ఎప్పుడు మార్చిరి - ఇవి మనకంటె బాగుగ ఎరిగినవారెవరు? ప్రయోగశాలలో స్పిరిటు దీపముల యొద్ద పెద్దవారెవరైన నిలుచుచున్నారా? మేడపై గది తలుపు లోపలికి తెరచుకొనునా, వెలుపలికా? లోపలికి తెరచుకొను తలుపును పిల్లలందరు ఒక్కుమ్మడి వచ్చి నెట్టినచో అది తెరచుకొనదు. గంట కొట్టి పిల్లలను బయటికి నడిపించు అభ్యాసము ఈ సంవత్సరములో ఎన్నిమారులు చేసిరి? అది ఆటవలె తోచును గాని, పొగలో కన్ను కానరానప్పుడు కాలికి తెలిసిన దారియే దారి.

ఇంటిలో గ్యాసు వాసన వచ్చినప్పుడు చేయవలసినదియు ఇచ్చటనే చెప్పెదము. దీపపు మీటను వేయనువలదు, ఆర్పనువలదు. న్యూలండన్‌లో ప్రాణములు తీసినది అట్టి నిప్పురవ్వయే. రెగ్యులేటరు మూసి, తలుపులు కిటికీలు తెరచి, అందరును వెలుపలికి వచ్చి, 1906 అను నంబరునకు ఫోను చేయవలెను. బడిలో వంటచేయు స్త్రీకిని ఇది తెలియునో తెలియదో విచారింపుడు.

మేము ఇటీవల ఒక ఉన్నత పాఠశాల చూడబోయితిమి. వరండాలో నిప్పార్పు బకెట్లు ఎఱ్ఱరంగుతో మిలమిలలాడుచుండెను; ఒకదానిలో తులసిమొక్క నాటియుండిరి, ఒకదానిలో సుద్దముక్కలుండెను. వెనుకవైపు రెండవ గేటు కలదు. దానికి తాళము. పిల్లలు నడుమ గంటలో సినిమాకు పారిపోవుచున్నారని వేసిరట. తాళపుచెవి అటెండరు యొద్ద నున్నది. అటెండరు ఆనాడు సెలవులో నుండెను. ప్రధానోపాధ్యాయురాలు నొచ్చుకొనక మా మాట ఆలకించి, "అమ్మా, తాళము తీసినచో పిల్లలు నిలువరు, వేసినచో మీరు నిలువనీయరు, నన్నేమి చేయుమందురు?" అని నవ్వెను. ఆమె కష్టము ఆమెది. ఐదు వందల పిల్లలను ఒక్క గేటుతో కాచుట సులభము, రెంటితో కాదు.

చివరకు మాతో వచ్చిన తల్లులలో ఒకామె ఉపాయము చెప్పెను. పగలంతయు ఆ తాళము తీసియుంచి గడియమాత్రము వేయుట, తల్లులు నలుగురు వంతులవారీగా నడుమ గంటలో అచ్చట కూర్చుండుట. సోమవారము వంతు తనదేనని ఆమె చెప్పినది. మంగళవారమునకు ఒకరు ఒప్పుకొనిరి. బుధవారమునకు ఇంకను ఎవరును దొరకలేదు.