మన ఒళ్ళు, మన హక్కు – 9: కడుపుతో ఉన్న మనిషికి నోరు లేదా?



పోయిన భాగంలో రక్తహీనత గురించి మాట్లాడుకున్నాం. ఈసారి మన మీటింగుల్లో కూడా ఎవరూ ఎత్తని విషయం తీసుకుంటున్నాను: కడుపుతో ఉన్న ఆడమనిషి పళ్ళు. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

మా వదినకి ఆరో నెలలో దవడ పన్ను సలపడం మొదలైంది. లవంగం నొక్కిపెట్టుకుని రాత్రంతా గోడకానుకుని కూర్చునేది. నెలవారీ చెకప్‌కి వెళ్ళినప్పుడు చెప్తే, "కడుపుతో ఉన్నప్పుడు పన్ను ముట్టుకోకూడదమ్మా, పురుడయ్యాక చూద్దాం" అన్నారు. పురుడయ్యాక వెళ్తే, "పాలిస్తున్నావు కదా, కొన్నాళ్ళు ఆగు" అన్నారు. ఆగింది. ఈలోగా మెడికల్ షాపువాడు ఏ బిళ్ళ ఇస్తే ఆ బిళ్ళ మింగింది. చివరికి ప్రైవేటు క్లినిక్‌లో రూట్ కెనాల్‌కీ క్యాపుకీ చెప్పిన రేటు విని, పన్ను పీకించుకుని వచ్చేసింది.

"పోతే పోనీ, ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి కదేటి" అంది. ఆ మాటకి అందరం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆమెకి రెండుసార్లూ చెప్పింది తప్పు. గర్భంతో ఉన్నప్పుడు పళ్ళ వైద్యం చేయొచ్చు. పన్ను శుభ్రం చేయడం, పిప్పి తీసి సిమెంటు నింపడం, తప్పనిసరైతే పీకడం, అన్నీ చేయొచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో పడుకోడానికి కూడా వీలుగా ఉంటుంది. చీము పట్టి దవడ వాస్తే నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు, వెంటనే చూపించాలి. పన్ను దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్ వల్ల బిడ్డకి ప్రమాదం లేదు. పాలిచ్చే తల్లికీ వైద్యం ఆపనక్కర్లేదు. అసలు ప్రమాదం అడగకుండా మింగే బిళ్ళల్లో ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి, ముఖ్యంగా ఐదో నెల దాటాక, డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు. టెట్రాసైక్లిన్ జాతి మందులు పుట్టబోయే బిడ్డ పళ్ళ రంగునే పాడుచేస్తాయి. అంటే "పన్ను ముట్టుకోవద్దు" అని పంపేసినవాళ్ళు ఆమెని కాపాడలేదు. మెడికల్ షాపుకి అప్పజెప్పారు.

మన పెద్దవాళ్ళు ఇంకో మాట అంటారు. కడుపులో బిడ్డ ఎముకలకి తల్లి పళ్ళలోని సున్నం పోతుందట, అందుకే కాన్పుకో పన్ను ఊడుతుందట. ఇది నిజం కాదు. జరిగేది వేరు. గర్భంలో హార్మోన్లు పెరిగి, పళ్ళ మీద పాచికి చిగుళ్ళు తొందరగా వాస్తాయి, రక్తం కారుతుంది. వేవిళ్ళ వాంతుల్లోని ఆమ్లం పంటిపై పొరని తినేస్తుంది. ఇవి ఆపగలిగినవే. వాంతి అవ్వగానే బ్రష్ వేయకుండా, చిటికెడు వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించి కాసేపు ఆగితే చాలు. ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, చెప్పాలన్న బాధ్యత ఉండాలి.

మరి మన పథకాల్లో ఆ బాధ్యత ఎవరిది?

2011 జూన్ 1న జననీ శిశు సురక్షా కార్యక్రమం మొదలైంది. సర్కారు దవాఖానాలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను బండి, అన్నీ ఉచితం. మంచిదే. మన ఆడవాళ్ళు దాని వల్లే అప్పుల్లేకుండా పురుడు పోసుకున్నారు. కానీ ఆ జాబితాలో పన్ను పేరు లేదు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులని డాక్టరు చూసే కార్యక్రమం ఉంది. ఆ రోజు బరువు, బీపీ, రక్తం, షుగరు, స్కానింగు. మీ వీధిలో తల్లీబిడ్డల కార్డులు తిరగేసి చూడండి. నోరు తెరవమని చూసినట్టు ఎవరైనా రాశారేమో వెతకండి.

ఇంకో సంగతి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లలకి చూడాల్సిన 30 సమస్యల్లో పళ్ళ జబ్బులు ఉన్నాయి. అంగన్‌వాడీలో, బడిలో పిల్లల పళ్ళు చూడాలి. అంటే బిడ్డ పన్ను ప్రభుత్వానికి కనిపించింది, ఆ బిడ్డని మోసిన తల్లి పన్ను కనిపించలేదు. పైగా పిప్పిపళ్ళ క్రిములు బిడ్డ నోటికి చేరే దారుల్లో తల్లి ఉమ్మి ఒకటి.

ఇక్కడ మనవాళ్ళు ఒక వాదన తెస్తారు: చిగుళ్ళ జబ్బు ఉంటే నెలలు నిండకుండా కాన్పు అవుతుంది, అందుకే వైద్యం ఇవ్వాలి అని. జాగ్రత్త. ఆ రెండిటికీ సంబంధం కనిపించిందని చాలా పరిశోధనలు చెప్పాయి. కానీ 2006లో అమెరికాలో 823 మంది గర్భిణులతో చేసిన పరీక్షలో, చిగుళ్ళకి వైద్యం చేస్తే ముందస్తు కాన్పులు తగ్గలేదు. అదే పరీక్షలో ఇంకోటి తేలింది: వైద్యం వల్ల తల్లికీ బిడ్డకీ హాని జరగలేదు, చిగుళ్ళు బాగుపడ్డాయి. నాకు అది చాలు. బిడ్డకి లాభం ఉంటేనే తల్లికి వైద్యం అనడం ఏం న్యాయం? ఆమె బిడ్డని మోసే సంచి కాదు. ఆమె నొప్పికి ఆమె నొప్పే కారణంగా సరిపోవాలి.

మన ప్రాంతం నోళ్ళు ఎవరూ చూడలేదా అంటే, చూశారు. మన నాయనమ్మలు చుట్ట నిప్పుని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్ళు, ఆ వేడికి అంగిట్లో పుండ్లు పడేవి. దాని మీద విదేశీ డాక్టర్లూ మన దేశం డాక్టర్లూ కలిసి 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి, 1971లో అంతర్జాతీయ క్యాన్సర్ పత్రికలో అచ్చువేశారు. అది శ్రీకాకుళం జిల్లా పరిశోధన. అప్పటికి బొబ్బిలి కూడా శ్రీకాకుళం జిల్లాలోదే, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. యాభై ఏళ్ళ కిందటే మన నోరు ప్రపంచానికి పాఠం అయింది. ఈరోజుకీ రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే విజయవాడ పోవాలి, లేదా కడప పోవాలి. బొబ్బిలి నుంచి అది రాత్రంతా రైలు ప్రయాణం. నిండు చూలాలు ఎక్కే రైలా అది?

బొబ్బిలి అంటే అందరికీ 1757 యుద్ధం, వీణ. మా పేటల్లో పెరిగినవాళ్ళకి ఇంకోటి కూడా గుర్తుంటుంది: ఎంగిలి. మనం తాగిన గ్లాసు వేరే పెట్టిన హోటళ్ళు, దోసిట్లో పోసిన నీళ్ళు. కులం అన్నిటికంటే ఎక్కువ భయపడింది మన నోటికే. అందుకే పళ్ళ వైద్యం నాకు చిన్న విషయంగా కనిపించదు. మన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, "నోరు తెరువమ్మా" అని మర్యాదగా అడిగి, చెయ్యి పెట్టి చూడ్డం. అది దయ కాదు, ప్రభుత్వ ఉద్యోగి చేయాల్సిన పని.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ దాన్ని బలపరిచారు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలనీ, ఆ భారంలో ప్రభుత్వం పాలు పంచుకోవాలనీ వాదించారు. ఆ మరుసటి ఏడు అది చట్టమైంది. "తర్వాతా" అన్న మాట గుర్తుపెట్టుకోండి. మన దగ్గర ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వచ్చే లెక్క 42 రోజులు. ఇంగ్లండులో గర్భం మొదలు బిడ్డకి ఏడాది నిండేదాకా ప్రభుత్వ పళ్ళ వైద్యం తల్లికి ఉచితం, దానికో సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడ కూడా ప్రభుత్వ పద్ధతిలో చూసే పళ్ళ డాక్టరు దొరకడం కష్టంగా ఉంది. కాబట్టి కాగితం ఒక్కటే చాలదు, కుర్చీలో డాక్టరు కూడా ఉండాలి.

మనకి మొదలుపెట్టడానికి దారి ఉంది. సామాజిక ఆరోగ్య కేంద్రాల జాతీయ ప్రమాణాల్లో డెంటల్ సర్జన్ పోస్టు ఉంది. ఊరి ఆరోగ్య కేంద్రం ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం ఒకటి. లేనిది గర్భిణుల గది నుంచి పళ్ళ గదికి పంపే చీటీ.

విద్యార్థి మిత్రులకి పని చెప్తున్నాను. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్లకార్డు ఉన్నవాళ్ళ పేరున పెడితే ఫీజు కూడా ఉండదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాలుగు ప్రశ్నలు చాలు. డెంటల్ సర్జన్ పోస్టు మంజూరైందా, భర్తీ అయిందా? ఏ రోజుల్లో ఓపీ ఉంటుంది? కుర్చీ పనిచేస్తోందా, పళ్ళు నింపే సామాను ఉందా, లేక పీకడమే వైద్యమా? పోయిన ఏడాది గర్భిణుల ఓపీ నుంచి పళ్ళ ఓపీకి ఎంతమందిని పంపారు?

నాలుగో ప్రశ్నకి "సున్నా" అని వస్తే, ఆ కాగితమే మన వినతిపత్రానికి మొదటి పేజీ. మన డిమాండు ఒక్కటే: ప్రతి నెలా 9వ తేదీన గర్భిణి నోరు చూడాలి, కార్డులో రాయాలి, బిడ్డకి ఏడాది వచ్చేదాకా తల్లి పళ్ళకి వైద్యం ఉచితంగా చేయాలి.

మా వదినకి ఇప్పుడు రెండో కాన్పు. ఐదో నెల. పోయిన వారం ఇంకో పన్ను జిల్లుమంటోందని చెప్పింది. ఈసారి లవంగం ఇవ్వలేదు. 9వ తేదీన ఆమెతో పాటు నేనూ వెళ్తున్నాను, దరఖాస్తు జేబులో పెట్టుకుని. ఏం జరిగిందో పదో భాగంలో రాస్తాను.

జై భీమ్.