నీలి గౌను పాప

వియన్నా నగరంలోని కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఒక ఎనిమిదేళ్ల పాప చిత్రపటం ఉంది. నీలిరంగు గౌను, దాని మీద వెండి జలతారు, చేతికి గోధుమరంగు బొచ్చు తొడుగు, పాలిపోయిన ముఖం. ఆ పాప స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ కూతురు మార్గరీటా తెరేసా. గీసినవాడు ఆస్థాన చిత్రకారుడు వెలాస్క్వెజ్. 1659లో, అంటే తాను కన్నుమూయడానికి ఏడాది ముందు.

ఆ కుంచె పనితనాన్ని లోకమంతా మెచ్చుకుంది. దగ్గరికెళ్తే గజిబిజి గీతలు, నాలుగడుగులు వెనక్కి జరిగితే తళతళలాడే జలతారు! కాదనేవారెవరు? కానీ సైన్సు చదివే నాకు వచ్చిన అనుమానం వేరు. స్పెయిన్ పాప బొమ్మ వియన్నాకు ఎందుకు చేరింది?

జవాబు మనకు కొత్తదేం కాదు. అది పెళ్లిచూపుల ఫొటో! ఆ పాపను వియన్నాలోని చక్రవర్తి లియోపోల్డ్‌కు ఇవ్వాలని పెద్దలు ముందే అనుకున్నారు. రెండు మూడేళ్లప్పుడొకటి, అయిదేళ్లప్పుడొకటి, ఎనిమిదేళ్లప్పుడొకటి - బొమ్మలు గీయించి పంపారు. నాటు వేసిన ఆసామి గట్టు మీద నిలబడి పైరు ఎంత ఎదిగిందో చూసుకున్నట్టు!

వరుస చూడండి. లియోపోల్డ్ మార్గరీటా తల్లికి స్వయానా తమ్ముడు, అంటే మేనమామ. అతని తల్లి ఫిలిప్‌కు చెల్లెలు, కనుక మేనత్త కొడుకు కూడా! ఇక ఫిలిప్ పెళ్లాడింది ఎవరిని? సొంత చెల్లెలి కూతుర్నే. హాబ్స్‌బర్గ్ వంశంవారు రాజ్యం బయటికి పోకూడదని తరతరాలుగా ఇలాగే చేసుకున్నారు. మా వైపు ఎకరాల లెక్క, వాళ్లది దేశాల లెక్క. తేడా అంతే.

మార్గరీటాకు 1666లో, పదిహేనేళ్లకు పెళ్లయింది. పెళ్లయ్యాక కూడా భర్తను మావయ్యా అనే పిలిచేదంటారు. ఆరేళ్లలో నలుగురు పిల్లల్ని కన్నది. ముగ్గురు పసితనంలోనే పోయారు. 1673లో తనూ పోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు. నాకిప్పుడు ఇరవై.

ఆమె తమ్ముడు రెండో చార్లెస్ పుట్టినప్పటినుంచీ రోగిష్టి. 1700లో సంతానం లేకుండా చనిపోయాడు. వారసత్వం కోసం యూరప్ పదమూడేళ్లకు పైగా యుద్ధం చేసింది. ఏ రాజ్యాన్ని కాపాడుకోవాలని ఇన్ని మేనరికాలు చేశారో ఆ రాజ్యమే చేజారిపోయింది!

మనలో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకదానిలో లోపమున్నా చాలాసార్లు రెండోది కాపాడుతుంది. దగ్గరి బంధువులకు పుట్టిన బిడ్డకు రెండూ ఆ లోపం ప్రతులే వచ్చే ప్రమాదం ఎక్కువ. రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం బావామరదళ్ల బిడ్డలో నూటికి 6.25, మేనమామ పెళ్లిలో 12.5. చార్లెస్ విషయంలో అది 25.4 అని 2009లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అన్నాచెల్లెళ్లకు బిడ్డ పుడితే ఉండేదానికన్నా ఎక్కువ! మార్గరీటా పిల్లలు అందువల్లే పోయారని నేననను. ఆ కాలంలో పసిపిల్లల చావులు కోటల్లోనూ మామూలే. మేనరికపు బిడ్డలందరికీ జబ్బులొస్తాయనీ అనను. కానీ ప్రమాదం పెరిగే మాట నిజం.

ఒకే పోతుకు పుట్టిన పెయ్యను మళ్లీ ఆ పోతుకే కట్టించొద్దని పశువుల డాక్టరు చెబితే మా ఊళ్లో అందరూ తలూపుతారు. పిల్లల పెళ్లి దగ్గరికొచ్చేసరికి "పొలాలు పక్కపక్కనేగా" అంటారు! ఆ మాట మా ఇంట్లోనూ వినబడుతోంది.

పెద్దల మాటలో న్యాయం లేకపోలేదు. తెలిసిన ఇల్లు, కట్నం బెడద తక్కువ, పిల్ల కళ్లముందే ఉంటుంది. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట దీన్ని ఒప్పుకుంది. అయితే కట్నానికి మందు కట్నం మానెయ్యడమే కానీ మేనమామ కాదు గదా!

అసలు ఆ బొమ్మలో నన్ను బాధపెట్టేది జన్యువులు కాదు. అంతమంది చూసి మురిసిన ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరైనా అడిగారా అని! ఎనిమిదేళ్ల పాపను అడిగే పని రాజుగారికి కనబడలేదు. డిగ్రీ చదివే ఆడపిల్లను అడగకుండా ముహూర్తం పెట్టడానికి మనకేం సాకుంది?

మిత్రులారా! సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ లెక్క మీ ఇళ్లలో చెప్పండి. తిడతారు. అయినా చెప్పండి.