ఆశ్రమ పాఠశాలలో మోరి

ఒడిశా కొండ ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల్లో సంగీతం అంటే సాధారణంగా పొద్దుటి ప్రార్థనే. పిల్లలు వరసల్లో నిలబడి ప్రార్థనాగీతం, ‘వందే ఉత్కళ జననీ’, జాతీయగీతం పాడి తరగతులకు వెళ్తారు. ఆగస్టు 15కు, జనవరి 26కు ఒక నృత్యం ఉంటుంది. పెద్ద అధికారి తనిఖీకి వస్తే గేటు దగ్గర మరొకటి. ఆ నృత్యానికి పది రోజుల ముందు సాధన మొదలవుతుంది, అధికారి కారు కదలగానే ముగుస్తుంది. దీన్ని సంగీత బోధన అనలేం. ఎందుకంటే పిల్లలు బడికి రాకముందే నేర్చుకున్నది అక్కడ కనబడుతుంది తప్ప బడి వాళ్లకు కొత్తగా నేర్పినదేమీ లేదు.

టికిరి ప్రాంతాన్నే తీసుకుందాం. ఈ ఊరు రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో ఉంది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయ్యేదాకా ఇదంతా పాత కొరాపుట్ జిల్లాయే. కొరాపుట్, రాయగడల మధ్య నడిచే రైలు టికిరిలో ఆగుతుంది. చుట్టూ కొండల మీద, లోయల్లో కోంధులు, ఝొడియా పరజలు, డొంబులు ఉంటారు. కోంధుల కువి భాష తెలుగుకు దగ్గరి చుట్టం. అందరూ సంతలో మాట్లాడుకునేది దేశియా. ఈ ఊళ్ల నుంచి ఆరేళ్లకే హాస్టల్‌కు వచ్చే పిల్లవాడు అక్షరం రాకపోయినా తాళం తెలిసే వస్తాడు. తల్లి వీపున కట్టించుకున్నప్పటి నుంచి ఢెంసా మధ్యలో పెరిగినవాడు మరి.

ఢెంసా మన అరకు వైపు థింసాకు తోబుట్టువు. చేతులు వెనక నుంచి పెనవేసుకుని ఆడవాళ్లు ఒక గొలుసుగా నిలబడతారు. కొసన ఉన్న నాయకురాలు ఎటు తిరిగితే గొలుసంతా అటే. ఢోలు, తమక్, చాంగు వంటి వాద్యాలు నడక ఇస్తాయి. అయితే ఆటను నిజంగా నడిపేది మోరి. ఒడిశా వైపు దాన్ని మహురి అంటారు. కొయ్య గొట్టం, చివర ఇత్తడి గరాటు, నోటి దగ్గర పీక. వాయించేవాడు బుగ్గల నిండా గాలి పట్టి, అది బయటకు పోతుండగానే ముక్కుతో కొత్త ఊపిరి తీసుకుంటాడు. అందుకే రాగం ఎక్కడా తెగదు. మోరి వరస మారితే అడుగు మారుతుంది, ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. ఇరవై మంది ఒక్క చెవితో విని ఒక్క కాలితో కదలడం చిన్న చదువు కాదు. పట్నం బళ్లలో ఫీజు కట్టి బృందగానం నేర్పించేది ఈ వినికిడి కోసమే.

ఈ చదువుకు ఒకప్పుడు సొంత వసతిగృహం కూడా ఉండేది. ఈ కొండల్లోని అనేక తెగల ఊళ్లలో పెళ్లికాని కుర్రకారుకు, ఆడపిల్లలకు రాత్రి పడుకోవడానికి వేరు వేరు ఇళ్లుండేవి. డొంగ్రియా కోంధుల ఊళ్లలో ఆడపిల్లల ఇల్లు అలాంటిదే. పక్కనున్న బస్తర్‌లో మురియాల ఘోటుల్ అనే యువతీయువకుల ఇంటి మీద వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద పుస్తకమే వేశాడు. పగలు పొలం పని, రాత్రి పాట. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పేవారు. కుర్రవాళ్లు ఒక చరణం విసిరితే ఆడపిల్లలు అప్పటికప్పుడు కట్టి జవాబు పాడేవారు. పాట కట్టడం, మాట వెతుక్కోవడం, ఎదుటివాళ్లు పాడింది గుర్తుంచుకోవడం అక్కడ అబ్బేవి.

ప్రభుత్వ హాస్టల్ వచ్చి పిల్లలకు అన్నం పెట్టింది, చదువు చెప్పింది, చాలామందిని ఉద్యోగాలకు పంపింది. ఆ మేలు తక్కువది కాదు. కానీ పాట నేర్చుకునే వయసులో, పాట నేర్చుకునే వేళలో పిల్లల్ని ఊరి నుంచి తీసుకెళ్లింది కూడా ఆ హాస్టలే. ఊరి పండుగల్లో పుస్ పరబ్ జనవరిలో వస్తుంది, చైత్ పరబ్ మార్చి, ఏప్రిల్ నెలల్లో. అప్పుడు బళ్లలో సిలబస్ పూర్తి చేసే తొందర, ఆ వెంటనే వార్షిక పరీక్షలు. ఊళ్లో రాత్రుళ్లు మోరి మోగుతుంటే పిల్లవాడు స్టడీ అవర్‌లో కూర్చుంటాడు. పదో తరగతి అయి ఇంటికి చేరేసరికి ఢెంసా గొలుసులో ఎక్కడ నిలబడాలో తెలియని కుర్రవాడవుతాడు. ఊరి నుంచి తీసుకున్నది హాస్టల్ కనుక, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత కూడా దానిదే.

బడిలో సంగీతం నేర్పే చట్రం లేదని సాకు చెప్పడానికి వీల్లేదు. 1986 జాతీయ విద్యావిధానంతో పాదుకున్న జవాహర్ నవోదయ విద్యాలయాల్లో మొదటి నుంచీ సంగీతం టీచర్ పోస్టు ఉంది. 1997-98లో మొదలైన ఏకలవ్య ఆదర్శ గురుకుల విద్యాలయాల్లోనూ ఆ పోస్టు ఉంది. కొరాపుట్ జిల్లాలో పుంగర్‌లోనూ, రాయగడ జిల్లాలో సిరిగుడలోనూ ఏకలవ్య బళ్లున్నాయి. ఒక్కో బడికి ఆరు నుంచి పన్నెండు తరగతుల్లో 480 మంది, సగం ఆడపిల్లలు, సగం మగపిల్లలు అన్నది నిబంధన. 2023లో దేశవ్యాప్తంగా ఈ బళ్లకు టీచర్ల నియామక ప్రకటన వెలువడినప్పుడు అందులో సంగీతమూ చేర్చారు. వెనకబడినవి రాష్ట్ర ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలే. కొండ పిల్లలు ఎక్కువమంది చేరేది వాటిలోనే.

పోస్టు ఉన్నచోట చిక్కు వేరు. సంగీతం టీచర్‌కు సంగీతంలో డిగ్రీ ఉండాలి. డిగ్రీ ఇచ్చేది హిందుస్తానీకో, కర్ణాటకానికో, ఒడిస్సీకో. సీబీఎస్‌ఈ సీనియర్ తరగతుల్లో ఎంచుకోదగ్గ సంగీతం సబ్జెక్టులు కూడా కర్ణాటక, హిందుస్తానీ పద్ధతులే. ఆ సంగీతం ఈ పిల్లలకు అందాల్సిందే, కొండ పిల్లవాడికి హార్మోనియం, తబలా దక్కకూడదని ఎవరూ అనరు. కానీ టికిరి పక్క ఊళ్లో నలభై ఏళ్లుగా మోరి ఊదుతున్న పెద్దాయన బడి గేటు దాటి లోపలికి రాలేకపోవడం అన్యాయం. అతనికి పదో తరగతి సర్టిఫికెట్ కూడా ఉండదు.

ఈ చిక్కుకు విరుగుడు ఏమిటో తెలుగువాళ్లకు బాగా తెలియాలి. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరం వస్తుంది. అక్కడ 1919లో పూసపాటి రాజులు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును ప్రిన్సిపాల్‌గా నియమించారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడు వాయులీనం విని, నీకు నేర్పేదేముందంటూ దాసుగారు అతన్ని ఆచార్యుడిగానే తీసుకున్నారు. అప్పటికి ద్వారం వయసు ఇరవై ఆరు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. కాగితం చూడకుండా వాయిద్యం విని ఉద్యోగం ఇచ్చిన ఆ నిర్ణయం వల్ల తెలుగు వాయులీనానికి ఒక బాణీయే ఏర్పడింది. అదే కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర ఘంటసాల చదువుకున్నారు. శాస్త్రిగారిది సాలూరు. ఆ ఊరి నుంచే ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్తాం.

2020 జాతీయ విద్యావిధానం కూడా స్థానిక కళాకారుల్ని మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లుగా తీసుకోవచ్చని చెప్పింది. కనుక కావలసింది ప్రధానోపాధ్యాయుడి చొరవ, శాఖ నుంచి గౌరవ వేతనం. ఆ పెద్దాయన వారానికి రెండు సాయంత్రాలు వస్తే చాలు. ఆట స్థలంలో చిన్న మంట వేసుకోనివ్వాలి, తోలు వాద్యాన్ని సెగ చూపించి బిగించుకోకపోతే అది పలకదు. బీరువాల్లో పెట్టి తాళం వేసిన వాద్యాలు ఎవరికీ ఉపయోగపడవు, పిల్లల చేతికి అందేచోట ఉండాలి.

ఇందులో మరో మంచి ఉంది. ఈ ప్రాంతంలో వాద్యం ఎక్కువగా డొంబులది, ఆట పరజలది, కోంధులది. ఊళ్లో ఆ గీత దాటడం కష్టం. వాద్యగాడి కొడుకు తండ్రి పనిని చెప్పుకోవడానికి సిగ్గుపడి మోరి వదిలేస్తాడు. అదే తండ్రి బడిలో ‘సార్’ అనిపించుకుంటే ఆ పిల్లవాడు తలెత్తుకుంటాడు. పరజ పిల్లవాడు ఢోలు కొట్టొచ్చు, డొంబు పిల్ల గొలుసుకు కొస పట్టొచ్చు. మోరి మగవాళ్లే ఊదుతూ వచ్చారు, హాస్టల్‌లో ఆడపిల్లలు ఊదితే తప్పేం లేదు.

ప్రదర్శన అవకాశాల మాటకొస్తే వేదికలకు కొరత లేదు. ఒడిశా షెడ్యూల్డు తెగల, కులాల అభివృద్ధి శాఖ తన హాస్టళ్ల పిల్లలకు భువనేశ్వర్‌లో ‘సర్గిఫుల్’ ఉత్సవం జరుపుతుంది. కేంద్రం 2015లో కళా ఉత్సవ్ మొదలుపెట్టింది. ఏకలవ్య బళ్లకు జాతీయ స్థాయి సాంస్కృతిక ఉత్సవం వేరే ఉంది, 2024లో భువనేశ్వర్‌లోనే జరిగింది. కొరాపుట్‌లో ‘పరబ్’, రాయగడలో ‘చైతి’ జిల్లా ఉత్సవాలు. పెద్ద ఊరు చూడటం, వేరే జిల్లా పిల్లల పాట వినడం పిల్లలకు ఎంతో మేలు.

కాకపోతే పోటీ వేదిక ఢెంసాను కురచ చేస్తుంది. రాత్రంతా సాగే ఆటను నిమిషాల్లోకి కుదించాలి, మందిని తగ్గించాలి, అందరికీ ఒకే రంగు చీర కట్టించాలి. మోరి వాయించేవాడు దొరకక సెల్‌ఫోన్ పాట పెడితే ఇక మిగిలేది అడుగులే. జవాబు పాట కట్టే నేర్పు అక్కడ ఎవరూ అడగరు. అందుకే భువనేశ్వర్ వేదిక కంటే ముందు హాస్టల్ ఆవరణే వేదిక కావాలి, తల్లిదండ్రులే ప్రేక్షకులు కావాలి. నెలకోసారి వాళ్లొచ్చే రోజున మైకు లేకుండా, గడియారం చూడకుండా పిల్లల్ని ఆడనివ్వాలి. తప్పటడుగు పడితే చెప్పగలిగేవాళ్లు ఆ తల్లులే. వాళ్లలో చదువుకోని వాళ్లు బడిలో మాట చెల్లించుకునే రోజు కూడా అదొక్కటే.

రాయగడ, కొరాపుట్ జిల్లాల విద్యాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు ఒకటే వినతి. వచ్చే పుస్ పరబ్‌కు పిల్లల్ని రెండు రోజులు ఇళ్లకు పంపండి. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఊళ్లోని మోరి పెద్దాయన్ను కూడా వెంట తీసుకురమ్మనండి. ఆయనకు దారి ఖర్చు, పూట భోజనం, నెలకు కొంత వేతనం ఇవ్వండి.